పండక్కి వచ్చి పరీక్షలు పెట్టకండి

సంక్రాంతి దగ్గర పడుతోందంటే నాకు ఒక్క ప్రశ్న మీద కోపం రాజుకుంటుంది. సంచులు గుమ్మంలో దించీ దించకముందే చుట్టాలు మా అత్తగారి మంచం చుట్టూ చేరతారు. "అత్తయ్యా, నేనెవర్నో చెప్పు చూద్దాం?" ఒకళ్లయ్యాక ఒకళ్లు. ఆవిడ ముందు మర్యాదకు నవ్వుతుంది, తర్వాత కంగారుపడుతుంది, చేతులు చీర కొంగు కోసం తడుముకుంటాయి. ప్రేమకొద్దీ అడుగుతారని తెలుసు. తెలిసినా క్షమించలేను. "అత్తయ్యా, నేను నీ తమ్ముడి కూతుర్ని, కాకినాడ నుంచి వచ్చాను" అని మనమే చెప్పేస్తే ఏం పోతుంది?

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. ఈ పండక్కి ఎన్ని ఇళ్లలో ఈ పరీక్ష జరుగుతుందో ఊహించుకోండి.

పరీక్ష మానేసి పని ఇవ్వండి అంటాను నేను. డిమెన్షియాకు ఒక కారణమైన అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే భాగాల్లో ఒకటి హిప్పోకాంపస్, కొత్త సంగతుల్ని దాచుకునే చోటు. పొద్దున వచ్చినవాళ్లెవరో మధ్యాహ్నానికి తెలియకపోవడం అందుకే. చేతులకు అలవాటైపోయిన పనులు మెదడులో వేరే చోట్ల ఉంటాయి, అవి చాలాకాలం నిలుస్తాయి. మా అత్తగారిని అరుగు మీద కూర్చోబెట్టి, వెడల్పాటి పళ్లెం, ముగ్గుపిండి గిన్నె ముందు పెడితే చాలు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి సన్నగా జారుతుంది, చుక్కలు బారులు తీరతాయి, మెలిక చుక్కల్ని చుట్టుకుంటూ వెళ్లి మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. "ఎన్ని చుక్కలత్తయ్యా?" అని అడిగారో, చెయ్యి ఆగిపోతుంది. అడక్కండి.

పని మాత్రం నిజం పనే కావాలి. ఒకచోట ఆవిడ చేతికి చిన్నపిల్లల రంగుల పుస్తకం ఇచ్చారు. ఇంటెడు జనానికి వండి వడ్డించిన మనిషికి ఏనుగు బొమ్మా, రంగు పెన్సిలూ! ఆ పుస్తకం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయమనండి, బంతిపూలు గుచ్చమనండి, గొబ్బెమ్మలకు పసుపూ కుంకుమా పెట్టమనండి. ఆవిడ తీసిన కాయలే కూరలోకి వెళ్లాలి, ఆవిడ గుచ్చిన దండే గుమ్మానికి కట్టాలి. వంకరగా ఉందని చాటున విప్పి మళ్లీ కట్టకండి. భోగిపళ్లు మొదట ఆవిడ చేతే పోయించండి. దోసిట్లో పెడితే చాలు, పాప తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ రేగిగింజలూ చిల్లరా ఆవిడ నోట్లోకి పోకుండా పక్కన ఒకరుండాలి. తెల్లవారుజామున భోగిమంట పొగలోకీ, టపాకాయల మోతలోకీ లాక్కెళ్లకండి. చుట్టాలు ఇద్దరిద్దరుగా వస్తే మేలు.

సాయంత్రమయ్యేసరికి చాలామందికి కలత పెరుగుతుంది. మా అత్తగారు "ఇంటికెళ్లాలి, బియ్యం నానబోసొచ్చాను" అంటుంది. "ఇదే కదత్తయ్యా మన ఇల్లు" అని వాదించి లాభం లేదు. "అక్కడ అరిసెల పాకం ఎవరు పట్టేవారు?" అని అడుగుతాను. అంతే, కుదుటపడుతుంది. పాకం వాళ్లమ్మే పట్టేదట, ఇంకెవర్నీ గరిటె ముట్టుకోనిచ్చేది కాదట.

మా ఇంట్లో పాకం ఆవిడదే, ఈనాటికీ. పొయ్యి దగ్గరికి రానివ్వను గానీ, చన్నీళ్ల గిన్నెలో చుక్క పాకం వేసి పట్టుకెళ్తాను. మూడు వేళ్లతో నీళ్లలోనే పోగుచేసి, ఉండ చేసి, నొక్కి చూస్తుంది. "ఇంకొంచెం" అంటే ఇంకొంచెమే. "దించెయ్" అంటే దించేస్తాం. లేత పాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయవుతుంది. నా పేరు మరిచిపోయిన మనిషి ఈ రెండింటి మధ్య ఉన్న ఆ కాస్త సమయాన్ని ఒక్కసారీ తప్పిపోనివ్వలేదు.

అయితే ఆవిడ పాకానికి తగ్గట్టు పిండీ సరిగ్గా ఉండాలి. మా తోడికోడలు మరలో ఆడించిన పిండి చాలంటుంది. నేను ఒప్పుకోను. మర వేడికి పిండిలో తడి ఆరిపోతుంది. బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి తడిగా ఉండగానే రోట్లో దంచి జల్లించాలి. ఆ తడే అరిసెను మెత్తగా ఉంచుతుంది. బెల్లం కూడా తెల్లగా మెరిసేది పనికిరాదు, ముదురు రంగుదే తేవాలి. నువ్వులు పాకంలో కొన్ని, ఒత్తేటప్పుడు పైన కొన్ని. నూనెలోంచి తీయగానే చెక్కల మధ్య పెట్టి గట్టిగా నొక్కాలి, లేకపోతే త్వరగా నూనె కంపు కొడుతుంది. ఈ ఏడు అటక మీది రోకలి దింపిస్తున్నాను. దంచడానికి మనుషులు దొరక్కపోతే మా ఆయనా నేనూ దంచుతాం.