చేవ ఎక్కడుంటదో మన పెద్దలకు తెలుసు



నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీఎస్సీ బోటనీ చదువుతున్నా. మాది భద్రాచలం దాటి చర్ల వైపు, అడవి అంచున ఉన్న కోయ ఊరు. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. సెలవులకు ఇంటికి పోయినప్పుడల్లా మా మామ దగ్గర కూర్చొని కర్ర చెక్కుతా. తెడ్లు, గరిటెలు, కొడవలి పిడులు, పిల్లలకు బొంగరాలు. అమ్మడానికి కాదు, ఇష్టం కొద్దీ. "చదువుకునేటోడికి ఉలి పని ఎందుకురా" అంటాడు మా నాన్న. ఆయన బాధ నాకు తెలుసు. తన చేతిలోని గొడ్డలి నా చేతికి రాకూడదనే కదా చదివిస్తున్నాడు. అయినా ఈ పని మనకు ఎందుకు కావాలో చెప్దామని ఇది రాస్తున్నా.

మా మామ ఒకప్పుడు ఊరందరికీ నాగళ్లు, కాడి మాన్లు, రోకళ్లు చెక్కి ఇచ్చేవాడు. ట్రాక్టర్లు వచ్చినాక నాగలి అడిగేవాళ్లు లేరు. ఆయన బాడిశ ఇప్పుడు చూరులోనే ఉంటది. కానీ ఏ పనికి ఏ చెట్టు అన్న లెక్క మాత్రం ఆయన తలలో భద్రంగా ఉంది. గొడ్డలి కామకు చిరుమాను, ఎంత దెబ్బకైనా సాగుతదే కానీ విరగదు. రోకలికి సండ్ర, గట్టిది, బరువైనది. గుమ్మడి టేకు తేలిక, ఆరినాక కూడా వంకర పోదు. ఇప్పచెట్టు మీద మాత్రం గొడ్డలి పెట్టనివ్వడు. పూవు, గింజ ఇచ్చి కడుపు నింపే చెట్టును కొయ్య కోసం కొట్టకూడదంటాడు.

క్లాసులో హార్ట్‌వుడ్, శాప్‌వుడ్ అని చెప్పినప్పుడు నాకు పేర్లే గుర్తున్నాయి, సంగతి ఎక్కలేదు. ఇంటి దగ్గర మామ ఒక మొద్దును అడ్డంగా కోసి, లోపలి ముదురు రంగు భాగం మీద వేలు పెట్టి "ఇదిరా చేవ" అన్నాడు. అంతే, పాఠం అర్థమైపోయింది. బయటి తెల్ల భాగంలో నీళ్లు పారతాయి, పురుగుకు అదే తిండి. లోపలిది పని మానేసి గట్టిపడిన కర్ర, దాన్ని పురుగు అంత తేలిగ్గా ముట్టదు. మనందరం ఎండాకాలం తునికాకు కోసినవాళ్లమే. ఆ తునికి నల్లచేవ మానుల కుటుంబానిదే అని, ముదిరిన చెట్టు లోపల నల్లటి చేవ ఉంటదని మనలో ఎంతమందికి తెలుసు? ఇన్నేళ్లూ కట్టకు ఎంత ఇస్తారనే చూశాం, ఆకును దాటి చూడలేదు.

చెక్కడం కంటే ఆరబెట్టడంలోనే తెలివి ఎక్కువ ఉంది. పచ్చి కర్ర కొసల దగ్గర తొందరగా ఆరుతది, నడుమ తడి ఉండిపోతది. అందుకే చీలుతది. మామ రెండు కొసలకూ పేడ, మట్టి మెత్తి నీడన పెడతాడు. తడి మెల్లగా పోతది, కర్ర నిలబడతది. అమావాస్య రోజుల్లో నరికిన వెదురుకు పురుగు పట్టదని కూడా అంటాడు. అమావాస్య సంగతి నేను తేల్చలేను కానీ, వెదురులో పిండి పదార్థం తక్కువున్న కాలంలో నరికితే పురుగు తక్కువని మా సబ్జెక్టు కూడా చెప్తది.

ఇక లేత్ పని. భద్రాచలంలో మంచం కోళ్లు తిప్పే ఒక షాపులో నన్ను కూర్చోనిస్తారు. అక్కడ బొంగరాలు తిప్పడం నేర్చుకుంటున్నా. అప్పుడే ఏటికొప్పాక గురించి చదివా. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడివాళ్లు అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటది. తర్వాత మొగలాకుతో రుద్దితే మెరుపు వస్తది. ఆ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. సహజ రంగులను నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంకుడు అంటే మరేదో అనుకునేరు. కొన్ని చోట్ల పాలకొడిశ అనే చిన్న చెట్టే, మన అడవుల్లోనూ ఉంటది. కొట్టినా మోడు నుంచి మళ్లీ చిగురిస్తది. వాళ్లకు బతుకునిచ్చిన కర్ర మన దగ్గర పొయ్యిలోకి పోతోంది.

"అడవిలో కర్ర ముట్టుకుంటే కేసు కాదా?" అని హాస్టల్లో మా తమ్ముళ్లు అడుగుతారు. మంచి ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. కలప అందులో లేదు. అంటే టేకు మాను కొట్టుకోమని ఎక్కడా చెప్పలేదు. కానీ ఆ జాబితా చదివితే వెదురు, తునికాకు, తేనెతో పాటు పొదల కర్ర, మోళ్లు, లక్క కూడా ఉన్నాయి. బొంగరానికి, గరిటెకు కావలసింది అదే కదా! అయితే చట్టంలో ఉన్నంత మాత్రాన అడవిలోకి పోకండి. మీ ఊరికి సామూహిక హక్కు పత్రం వచ్చిందా అని ముందు గ్రామసభలో అడగండి. రాకపోతే దరఖాస్తు ఎక్కడ ఆగిందో అడగండి. నేను ఇప్పటిదాకా మా పెరట్లో, చేను గట్ల మీద పడిన కొమ్మలతోనే పని నడిపిస్తున్నా.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. కోయ డోలు పట్టి మన వీరుల కథలు పాడిన మనిషి, 2024లో వెళ్లిపోయారు. ఆయన పాటలు కొన్నైనా రికార్డుల్లో ఉన్నాయి. మరి డోలుకు కర్ర ఎంచే కన్ను, తొలిచే చేయి ఏ రికార్డులో ఉన్నాయి? ఆ చేయి ముసలిదైపోతే రేపు కొలుపులకు డోలు కొనుక్కొని తెచ్చుకోవాలా?

అందుకే నేనొక నోట్‌బుక్ పెట్టా. ఒక్కో చెట్టుకు కోయ పేరు, తెలుగు పేరు, శాస్త్రీయ నామం, దేనికి పనికొస్తది, ఎట్లా ఆరబెట్టాలి అని రాస్తున్నా. ఇప్పటికి ఇరవై రెండు చెట్లయ్యాయి. మామకు చదవడం రాదు. నేను చదివి వినిపిస్తే, "ఇది కాదురా" అని దిద్దుతాడు. మా నాన్న కూడా ఈ మధ్య పక్కన కూర్చొని రెండు పేర్లు చెప్పాడు.

అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ సెలవుల్లో మీ తాతనో అవ్వనో ఒక్క చెట్టు గురించి అడగండి. మీ ఊరి పేరుతో రాసి పంపండి. గుత్తికోయ, కొండరెడ్డి మిత్రులు మీ భాషలో పేర్లు తప్పక రాయండి. అన్నీ కలిపి ఒక చోట పెడతా.

జై ఆదివాసీ.