దారానికి నచ్చాల

2024 మార్చి 10, ఆదివారం

నా స్థలంలో వేయబోయే బుల్లి రైలు లైను మూడోసారి గీసి కొట్టేశాను. కాగితం మీద తిన్నగా పోయే దారి ఈ వాలులో ఏదో ఒక చెట్టుకు తగులుతూనే ఉంది. ఇక్కడ ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో సొంత భూమైనా అడవి చెట్టును ఇష్టం వచ్చినట్టు నరకడానికి లేదు. ఉన్నా నరకను. వాగు పక్కన పెద్ద యూకలిప్టస్ ఉంది, ఇద్దరు చేతులు చాపితే గానీ అందదు. దాని వేళ్ళకు ఎడంగా తిప్పితే 20 మీటర్ల దారి 40 అవుతుంది. అయితేనేం, ఎక్కుడు 25కి 1 నుంచి 50కి 1కి దిగుతుంది. మనుషులతో కలిపి 400 కిలోలుండే బండిని మొదటి దారి 16 కిలోల బలంతో వెనక్కి లాగుతుంది. రెండోది 8. చెట్టు చెప్పిన దారే మేలు.

ఏప్రిల్ 21, ఆదివారం

వంపు వేశాను. గేజి ఏడుంబావు అంగుళాలు, అంటే 184 మిల్లీమీటర్లు. కొలవడానికి నాన్న పద్ధతే. బయటి పట్టా లోపలి అంచుకు దారం బిగించి, నట్టనడుమ దారానికీ పట్టాకూ ఉన్న ఎడం చూడాలి. 2 మీటర్ల దారానికి 25 మిల్లీమీటర్లు వస్తే వ్యాసార్ధం 20 మీటర్లు. నాన్న కొత్తవలస–కిరండూల్ లైనులో, శివలింగపురం వైపు గ్యాంగు మేటు. 58 సొరంగాల లైను అది. "కర్వు కంటికి నచ్చితే సరిపోదురా, దారానికి నచ్చాల" అనేవాడు. ఇవాళ ఒకచోట 31, ఆ పక్కనే 19 వచ్చాయి. కంటికి మాత్రం చక్కగానే ఉంది. స్లీపర్లు విప్పి మళ్ళీ వేశాను. చీకటి పడేసరికి అన్నిచోట్లా 24, 25, 26.

జూన్ 15, శనివారం

కట్ట కింద వాంబాట్ బొరియ తవ్వింది. కంకర జారి, ఒకవైపు పట్టా గాలిలో వేలాడుతోంది. పూడ్చడానికి మనసొప్పలేదు, దాని ఇల్లు నా లైను కంటే ముందుదే కావచ్చు. అక్కడ చిన్న ఇనుప వంతెన వేస్తాను.

వంగి పని చేస్తుంటే ఫెర్న్ పొదల్లో లైర్‌బర్డ్ ఒక్క గొంతుతో నాలుగైదు పిట్టల కూతలు వరసగా పలికింది. సుత్తి కింద పెట్టి కూర్చుండిపోయాను.

ఆగస్టు 17, శనివారం

వాన. బయట పని లేదు. న్యూజీలాండ్ కోరమాండల్‌లో చూసిన డ్రైవింగ్ క్రీక్ లైను గుర్తొచ్చింది. బారీ బ్రికెల్ కుమ్మరి. బట్టీకి మట్టి, కట్టెలు దించుకోవడానికి 1975లో 15 అంగుళాల లైను మొదలుపెట్టారు. కొండ నిటారుగా ఉన్నచోట బండి ముందుకోసారి, వెనక్కోసారి నడుస్తూ ఎక్కుతుంది. పట్టాల పక్కన కౌరీ మొక్కలు నాటించారు. రైలు కోసం అడవిని తీయడం కాదు, రైలుతో పాటే పెంచడం. ఆ బండి దిగాకే నాకు ఈ ఆశ పుట్టింది.

డిసెంబరు 27, శుక్రవారం

ఎండ మండిపోతోంది. ఆవిరి ఇంజను నా కోరిక, కానీ నేలంతా ఎండిన బెరడు పేలికలు. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బ్యాటరీ ఇంజను. ఇవాళ అదీ తీయలేదు.

6 మీటర్ల ఉక్కు పట్టా 40 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. పొద్దున జాయింట్లలో అంత సందూ ఉంది. మూడింటికి చూస్తే కాగితం దూరేంత. పట్టా ఎక్కడా పక్కకు పొంగలేదు. ఎండ తగ్గాక రెంచీ పట్టుకుని లైను వెంట నడిచాను. ఆరో జాయింటులో బోల్టు వదులైంది, బిగించాను. వంతెన కింద వాంబాట్ కొత్త మట్టి తోడి పోసింది.