విందులో ఇచ్చిన మాట

రండి, మంటకు కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఇవాళ వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషువాళ్ల వీరగాథల గురించి చెప్పుకుందాం. ఆ కథల్లో మాట పుట్టేది ఇలాంటి మంట దగ్గరే, రాజు కొలువుకూటంలో. పొడవాటి బల్లలు, తేనెతో చేసిన మద్యం, రాజు తన చేత్తో పంచే ఉంగరాలు, కత్తులు, కవచాలు. అందుకున్నవాడు లేచి నిలబడి, మీకు ఆపద వస్తే ప్రాణమిస్తానని అందరూ వింటుండగా మాటిస్తాడు. మనం ఉప్పు తిన్న ఋణం అంటామే, అదే.

‘బేవుల్ఫ్’ పేరు మీరు వినే ఉంటారు. 3182 పాదాల కావ్యం. దాని రాతప్రతి లోకంలో ఒక్కటే ఉంది, అది కూడా 1731లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో అంచులు కాలి బయటపడింది. బేవుల్ఫ్ ఆయుధం లేకుండా గ్రెండెల్ అనే రాక్షసుణ్ని పట్టి చెయ్యి ఊడబెరికిన ఘట్టాన్ని అందరూ చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ కావ్యానికి ప్రాణం చివర్లో ఉందనిపిస్తుంది. యాభై ఏళ్లు రాజ్యమేలి ముసలివాడైన బేవుల్ఫ్, ఊళ్లు తగలబెడుతున్న డ్రాగన్ మీదికి పదకొండు మందిని వెంటబెట్టుకుని వెళ్తాడు. ఒంటరిగానే తలపడతాడు. కత్తి పనిచెయ్యదు, మంటలు చుట్టుముడతాయి. పదిమంది ప్రాణాలు దక్కించుకోవడానికి అడవిలోకి పరుగెడతారు. విగ్లాఫ్ ఒక్కడే ఆగుతాడు. కుర్రవాడు, ప్రభువు పక్కన నిలిచి పోరాడటం అతనికదే మొదటిసారి. పారిపోతున్నవాళ్లతో అతనేమంటాడో చూడండి. ఆ రోజు విందులో ఏమని మాటిచ్చామో గుర్తు తెచ్చుకోండి, ఒంటిమీది కవచాల బాకీ తీర్చాల్సింది ఇప్పుడే అంటాడు. అని, పొగలోకి నడుస్తాడు.

ఇలాంటిదే మరో కవిత మాల్డన్ యుద్ధం గురించినది. ఆ యుద్ధం కల్పన కాదు, నిజంగా జరిగింది. 991లో ఎసెక్స్ తీరంలో వైకింగులు దిగారు. వాళ్లకూ ఇంగ్లీషు నాయకుడు బిర్త్‌నోత్ సైన్యానికీ మధ్య ఉన్నది పోటు తగ్గాక బయటపడే సన్నని దారి ఒక్కటే. ముగ్గురు వీరులు ఆ దారిని కాపాడుతుండగా, బిర్త్‌నోత్ శత్రువుల్ని ఇవతలికి రానిచ్చాడు. ఇది గర్వం వల్ల చేసిన తప్పని టోల్కీన్ రాశాడు. ఆయన మాటే నాకు సరైనదనిపిస్తుంది. తన పేరు కోసం నాయకుడు ఇతరుల ప్రాణాలు పణంగా పెట్టకూడదు. ఆ గర్వానికి మూల్యం చెల్లించినవాళ్లు బంట్లు.

బిర్త్‌నోత్ పడిపోగానే గోడ్రిక్ అనేవాడు ప్రభువు గుర్రమే ఎక్కి పారిపోయాడు. ఆ ప్రభువు అతనికి అంతకుముందు ఎన్నో గుర్రాలు బహుమతిగా ఇచ్చినవాడు. గుర్రాన్ని చూసిన సైనికులు ప్రభువే వెళ్లిపోతున్నాడనుకున్నారు. వరస చెదిరిపోయింది. నలుగురికీ కనిపించే చోట ఉన్నవాడు వెనుతిరిగితే ఎంత అనర్థమో దీన్ని మించి చెప్పిన కథ నాకు తెలియదు.

మిగిలినవాళ్లలో ఏల్ఫ్‌వినె అనే యువకుడు లేచి, బల్లల దగ్గర కూర్చుని మనం పలికిన మాటలు గుర్తు చేసుకుందాం, ఎవరు ధీరులో ఇవాళ తేలుతుంది అంటాడు. చూశారా, అక్కడ విగ్లాఫ్ అన్నదీ ఇదే. ఆ గొప్పింటి వీరుల మధ్య డన్నెర్ అనే మామూలు రైతు కూడా ఈటె ఎత్తి, ప్రాణం గురించి ఆలోచించే వేళ కాదంటాడు. అతని మాటను కవి వదిలెయ్యకుండా పట్టుకోవడం నాకెంతో ఇష్టం.

ప్రభువు కోసం చావడం, పగకు పగ తీర్చుకోవడం ఇప్పుడు మనకు అక్కర్లేదు. కానీ విందులు మనకూ ఉన్నాయి. ‘ఏ అర్ధరాత్రైనా ఒక్క ఫోన్ చెయ్యి, వచ్చి వాలిపోతాను’ అని పెళ్లి పందిట్లో ఎన్నిసార్లు అనలేదు? ‘మనమంతా ఒకే కుటుంబం’ అని సంస్థ వార్షికోత్సవంలో పెద్దలు అనడం ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట అన్నవాళ్లు నష్టాలొచ్చిన ఏడాది ఎక్కడుంటారు, ఆసుపత్రి వరండాలో ఎవరు కూర్చుంటారు అన్నదే ఆ కవులు అడిగిన ప్రశ్న. ఆ అడగడంలో వాళ్లకు జాలి ఉంది కానీ మినహాయింపు లేదు.

మాల్డన్ కవితకు మొదలూ చివరా పోయాయి. మిగిలిన భాగం చివర మరో గోడ్రిక్ కనిపిస్తాడు. శత్రువుల మీద ఈటెలు విసురుతూ, ముందువరసలో నరుకుతూ నేలకూలేదాకా పోరాడతాడు. కవి అక్కడ ఆగి, యుద్ధం వదిలి పారిపోయిన గోడ్రిక్ ఇతను కాదని స్పష్టంగా చెప్తాడు. ప్రతి అక్కడితో తెగిపోయింది.