కిరోసిన్ డబ్బాలో మిగిలిపోయిన కాలరు

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు నాన్న బండి బయటికి తీశాను. రోడ్డెక్కి నలభై దాటగానే ముందు చక్రం దగ్గర్నుంచి సన్నగా ఓ మూలుగు మొదలైంది. ఇంజను చప్పుడేమో అని క్లచ్ పట్టి ఇంజను ఆపేశాను. బండి దొర్లుతున్నంతసేపూ ఆ మూలుగు వస్తూనే ఉంది. బేరింగు పోయిందన్నమాట. అది చెప్పడానికి నాకు మెకానిక్ అక్కర్లేదు. ఆ చప్పుడుతో నాకు చాలా పాత లెక్క ఒకటి ఉంది.

2004 వేసవి. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలైపోయాయి. సెలవుల్లో పనేం లేక మా వీధి చివర షెడ్డులో మేస్త్రీ దగ్గర చేరాను. నాన్నకి ఇష్టం లేదు. "మాస్టారి కొడుకువి, ఆ నల్లచేతులేంటిరా?" అనేవాడు. నాకేమో పానాలు, సుత్తులు, కిరోసిన్ వాసన అంటే అప్పట్లో పిచ్చి. నెల తిరిగేసరికి ఓవరాయిలింగు కూడా వచ్చేసిందనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

మే నెలాఖర్లో నాన్న బండి ముందు చక్రం ఊగుతోందని తెచ్చాడు. హండ్రెడ్ సీసీ బండి. మెయిన్ స్టాండ్ వేసి, వెనక ఒకళ్లు కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని అటూ ఇటూ ఊపితే టక్ టక్ మంది. చేత్తో తిప్పి, ఇంకో అరచెయ్యి ఫోర్కు మీద ఆనిస్తే ఇసుక నలుగుతున్నట్టు తెలుస్తోంది. మేస్త్రీ భోజనానికి వెళ్లాడు. "నేను వేసేస్తా నాన్నా" అన్నాను.

బేరింగులు తెచ్చింది నాన్నే. బజారులో స్పేర్ పార్ట్స్ కొట్టు బాబాయి దగ్గర. నాన్నా ఆయనా హైస్కూల్లో ఒకే బెంచీ. సాయంత్రం బడి నుంచి వస్తూ ఆ కొట్టు దగ్గర ఆగి టీ తాగకపోతే నాన్నకి రోజు గడిచేది కాదు.

మా బండి ముందు చక్రంలో రెండు బేరింగులు, అటొకటి ఇటొకటి. వాటి మీద 6301 అని ఉంటుంది. ఆ నంబరు ఊరికే వేసింది కాదు. చివరి 01 అంటే లోపలి కన్నం 12 మిల్లీమీటర్లు. 02 అయితే 15, 03 అయితే 17, 04 నుంచి అయిదుతో హెచ్చించుకోవడమే. 6301 బయటి కొలత 37, మందం 12. ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా ఇదే కొలత. ఇది చెప్పింది కూడా ఆ బాబాయే.

ఆ రెంటికీ మధ్యన, హబ్బు లోపల, ఒక ఇనప గొట్టం ముక్క ఉంటుంది. కాలరు అంటారు. చూడ్డానికి ఏ పనీ లేని సరుకులా ఉంటుంది. తిరగదు, మెరవదు. యాక్సిల్ నట్టు బిగించినప్పుడు ఆ బిగువంతా రెండు బేరింగుల లోపలి రింగుల మీదకొస్తుంది. వాటి మధ్య ఈ గొట్టం అడ్డు నిలబడితేనే అవి ఎక్కడివక్కడ ఉంటాయి. గొట్టం లేకపోతే లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి ఒరుసుకుపోతాయి. ఉక్కు గోళీలు గాడి మధ్యలో దొర్లకుండా అంచుకెక్కి, వేడెక్కి, వాటిని పట్టి ఉంచే రేకు తెగిపోతుంది.

పాత బేరింగు ఊడాలంటే ఆ కాలరుని కాస్త పక్కకి జరిపి, ఆ సందులోంచి కడ్డీ ఆనించి, సుత్తితో చుట్టూ నాలుగు చోట్లా మార్చి మార్చి కొట్టాలి. ఒకే చోట బాదితే అడ్డంగా ఇరుక్కుంటుంది, హబ్బు గీసుకుపోతుంది. మొదటిది ఊడగానే కాలరు జారి కింద పడింది. తుప్పూ పాత గ్రీజూ పట్టి ఉంటే కడుగుదామని కిరోసిన్ డబ్బాలో వేశాను. అంతే. అది అక్కడే ఉండిపోయింది.

రెండు కొత్త బేరింగులూ దిగ్గొట్టి, చక్రం ఎక్కించి, నట్టు బిగించాక చక్రం కాస్త బిరుసుగా తిరిగింది. కొత్తవి కదా, నాలుగు రోజుల్లో లూజవుతాయిలే అనుకున్నాను. ఇప్పటికీ నన్ను తినేసేది కాలరు మర్చిపోవడం కాదు, ఆ 'లే' అనుకోవడం. బండి నాకు చెప్పింది, నేనే వినలేదు.

సెలవుల్లో బండి పెద్దగా తిరగలేదు. జూన్‌లో బళ్లు తెరిచాక మూడో రోజు, వేమూరు వైపు కాలవగట్టు రోడ్డు మీద ముందు చక్రం పట్టేసింది. నాన్న ఎగిరి కంకరలో పడ్డాడు. ఓ గజం ఇటు పడుంటే కాలవలోకే. ఆస్పత్రికి పరిగెత్తితే డాక్టరు ఎక్స్‌రే చూపిస్తూ "కాలర్ బోన్ విరిగింది" అన్నాడు. ఆ మాట వినగానే నా కాళ్లు చల్లబడిపోయాయి. కాలరు! ఆ క్షణంలో గుర్తొచ్చింది.

మర్నాడు మేస్త్రీ చక్రం విప్పాడు. పిండైపోయిన బేరింగు చేతిలో పట్టుకుని నా వంక చూసి, "కాలరేదిరా?" అన్నాడు. కిరోసిన్ డబ్బాలో చెయ్యి పెట్టి తీసిచ్చాను. ఏమీ అనలేదు. సాయంత్రం చేతికి కట్టుతో నాన్న వచ్చినప్పుడు మాత్రం, "బేరింగు డూప్లికేటు సార్, అందుకే పోయింది" అన్నాడు. నన్ను కాపాడదామనే అన్నాడు. బజార్లో నకిలీ బేరింగులు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆ మాట ఇట్టే అతికిపోయింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. నోరు తెరవలేదు.

నాన్న ఆ విరిగిన బేరింగు తీసుకెళ్లి కొట్టు బల్ల మీద పడేశాడట, నలుగురు గిరాకీలు ఉండగా. "స్నేహితుడని నమ్మితే ప్రాణం తీసేవాడివి" అన్నాడట. బాబాయి డబ్బు తిరిగిచ్చేశాడు. ఆ రోజు నుంచి టీ లేదు, మాటా లేదు. వాళ్లమ్మాయి పెళ్లికి శుభలేఖ వస్తే నాన్న అలమారలో పడేశాడు. నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను, నా పెళ్లయింది, పిల్లలు. చెబుదామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పండగో, ఏదో ఒక జబ్బో అడ్డొచ్చింది. నిజానికి అడ్డొచ్చింది అవేం కావు.

ఈసారి కనుమ మర్నాడు నేరుగా ఆ కొట్టుకే వెళ్లాను. బాబాయి జుట్టంతా నెరిసింది. "రెండు 6301, రబ్బరు సీలువి" అన్నాను. కాగితం మీద రాస్తూ తలెత్తకుండానే, "మాస్టారి అబ్బాయివి కదూ?" అన్నాడు. దాచుకున్నదంతా అక్కడే, కొట్టు మెట్ల మీద నిలబడే చెప్పేశాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ రోజే చూశాను బాబూ. గోళీలు నడిచిన జాడ గాడి మధ్యలో లేదు, ఒక పక్క అంచున పడి ఉంది. కాలరు లేని బండి అది. మేస్త్రీ మర్చిపోయాడేమో అనుకున్నా."

"మరి నాన్నకి చెప్పలేదే బాబాయ్?"

"కట్టు కట్టుకుని వచ్చిన మనిషితో ఏం వాదిస్తాం?" అని బేరింగులు పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. డబ్బులు మాత్రం పైసా తగ్గించకుండా తీసుకున్నాడు. నాకెందుకో అది బాగా నచ్చింది.

ఇంటికొచ్చి బేరింగుల్ని రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాను. పొద్దున్నే అమ్మ కేకలు, ఇడ్లీ పిండి పక్కన ఈ ఇనప సామానేంటని. చల్లబడితే వెంట్రుకవాసి ముడుచుకుంటాయి. అల్యూమినియం హబ్బు మీద సలసల మరిగే నీళ్లు పోస్తే అది అంతకంటే ఎక్కువే వ్యాకోచిస్తుంది. తడి తుడిచేసి, బేరింగుని నిటారుగా పెట్టి, పాత బేరింగుని దాని మీద ఆనించి బయటి రింగు మీదే దెబ్బ పడేలా కొడితే మెత్తగా దిగుతుంది. లోపలి రింగు మీద కొట్టామా, గోళీలు గాడిలో గుంటలు పెడతాయి, కొత్తది మొదటి రోజే మూలుగుతుంది. ఊడగొట్టిన పాతవి మళ్లీ వాడకూడదనేది కూడా ఇందుకే. ఇంకోటి, సర్వీసింగ్ వాళ్లు నీళ్ల గన్నుతో సరిగ్గా హబ్బు మీదే కొడుతుంటే చూస్తూ ఊరుకోకండి. లోపలి గ్రీజు కడుక్కుపోయేది అలాగే.

నాన్న అరుగు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నాడు. మొదటి బేరింగు దిగింది. చక్రం తిరగేశాను. కాలరు తీసి చేత్తో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"నాన్నా, ఆ రోజు ఇది వెయ్యలేదు నేను. బేరింగు మంచిదే."

నాన్న దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కన్నంలోంచి వెలుతురు చూశాడు. అమ్మ లోపల్నుంచి ఏదో అడుగుతోంది, ఇద్దరం పలకలేదు. చాలాసేపటికి, "వాడికి తెలుసా?" అన్నాడు.

"ఆ రోజే తెలుసట."

కాలరు నా చేతికిచ్చేసి లోపలికెళ్లాడు. తిడితే బాగుండేది. నేను కాలరు వేసి, రెండో బేరింగుని కాలరుకి ఆనేదాకా దించి, చక్రం ఎక్కించి, నట్టు బిగించాను. చేత్తో ఒక్క తోపు తోస్తే చక్రం చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. చేతులు కడుక్కుంటుంటే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. చేతిలో పాత శుభలేఖ.

"బజారుకి పోదాం, బండి తియ్యి" అన్నాడు.

స్టార్ట్ చేశాను. వెనక ఎక్కబోతూ ఆగి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కాలరు వేశావుగా?"