తెర వెనక పాచిక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్లకి తెలుసు, చాలా చోట్ల కథ నడిపే డంజన్ మాస్టర్ ముందు ఒక అట్ట తెర ఉంటుంది. దాని వెనక ఇరవై ముఖాల పాచిక వేస్తాడు, ఎంత పడిందో మనకి కనపడదు. రాక్షసుడి దెబ్బ తగిలిందంటే తగిలినట్టే. 1974లో గైగాక్స్, ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆటలో రూల్ దగ్గర గొడవొస్తే ఆఖరి మాట మాస్టర్‌దే. అలా ఉండాలి కూడా, లేకపోతే ప్రతి దెబ్బకీ పంచాయితీ పెట్టుకుని కూచోవాలి.

కానీ "నీ పాత్ర భయపడి పారిపోయింది" అనే హక్కు మాత్రం ఆయనకి లేదంటాను. ఎవడో మంత్రం వేశాడు, తట్టుకోడానికి నేను పాచిక వేశాను, తక్కువ పడింది. సరే, పారిపోతా. ఊరికే, కథ అటు వెళ్లాలని పారిపోమంటే? ఊరు, వాన, దయ్యాలు, సత్రం వాడి ముక్కోపం అన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి. నా చేతిలో ఉన్నది ఆ ఒక్క మనిషే కదా!

మాస్టర్‌కి ఇంత అధికారం లేని ఆటలూ ఉన్నాయి. 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్ అనే ఆటలో మాస్టర్ అసలు పాచికలే వేయడు. ఆయన ఏం చేయాలో కూడా రూల్ పుస్తకంలోనే రాసి ఉంటుంది. (పాత కాపులకి ఇది నచ్చదు, తెలుసు.) ఫియాస్కో అనే ఆటలో అయితే మాస్టరే లేడు.

మాస్టర్లూ, లోకం మీ ఇష్టం. మా పాత్ర ఏం చేస్తుందో మాత్రం మమ్మల్ని అడగండి.