రీగా వీధుల్లో 'ఇవ్వడం'

లాత్వియా రాజధాని రీగాలో నాలుగు రోజులు తిరిగితే చాలు, ఒక క్రియ మీ వెంటపడుతుంది. అమ్మకానికి పెట్టిన పాత కారు అద్దం మీద అదే. అపార్ట్‌మెంట్ కిటికీకి తగిలించిన బోర్డు మీదా అదే. మార్కెట్‌లో స్ట్రాబెర్రీలు అడిగేవాళ్ల నోట, ట్రామ్‌లో మీ కాలు తొక్కినవాళ్ల 'సారీ'లో, జీతం స్లిప్పులో టాక్స్ కాలమ్ దగ్గర... అన్నిచోట్లా ఏదో ఒక వేషంలో అదే కనిపిస్తుంది. ఆ క్రియ 'దువోత్'. అర్థం: ఇవ్వడం.

రోమన్ లిపిలో దాన్ని డి, ఓ, టి అని రాస్తారు. మనలాంటి సాఫ్ట్‌వేర్ జనం కళ్లకి అది 'డాట్' లాగే కనబడుతుంది, వెనకాల 'కామ్' ఎక్కడా అని వెతుక్కుంటాం. కానీ అచ్చ లాత్వియన్ మాటల్లో ఆ 'ఓ' అక్షరాన్ని 'ఉవో' అని సాగదీసి పలుకుతారు. అందుకే దువోత్.

మన 'దానం'కి దూరపు చుట్టం

లాత్వియన్‌ది ఇండో యూరోపియన్ కుటుంబం. అందులో బాల్టిక్ శాఖలో ఇప్పటికీ జనం ఇంట్లో మాట్లాడుకుంటున్న భాషలు లాత్వియన్, లిథువేనియన్ మాత్రమే. సంస్కృతంలో 'ఇస్తున్నాను' అంటే 'దదామి', లాత్వియన్‌లో 'దువోదు'. రెండింటిలోనూ 'ద' రెండుసార్లు రావడం యాదృచ్ఛికం కాదు, ఒకే పాత ధాతువు నుంచి వచ్చిన పోలిక అంటారు భాషా చరిత్రకారులు.

తెలుగు ద్రావిడ భాష కాబట్టి మన సొంత క్రియ 'ఇచ్చు'. దానికీ దీనికీ బంధుత్వం లేదు. కానీ సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న దానం, దాత, ప్రదానం ఉన్నాయి కదా, వాటికి మాత్రం ఈ దువోత్ దూరపు చుట్టమే. అన్నదాతలోని 'దా', రీగా మార్కెట్‌లోని 'దువో' ఒకే విత్తనం.

మార్కెట్‌లో మొదటి పాఠం

ఈ క్రియని వినాలంటే రీగా సెంట్రల్ మార్కెట్‌కి వెళ్లాలి. 1930లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు జెప్లిన్‌లనే భారీ గాలి ఓడల కోసం కట్టిన షెడ్ల భాగాలు తెచ్చి, ఈ అయిదు పెవిలియన్లూ నిలబెట్టారు. చేపలకొకటి, మాంసానికొకటి, పాల సరుకుకొకటి. అక్కడ ఎవరైనా ఏదైనా కొనేటప్పుడు 'ఇయెదువోదియెత్, లూద్జు' అంటారు. 'కాస్త ఇవ్వండి, దయచేసి' అని. స్నేహితుడితో అయితే 'ఇయెదువోద్' అంటే సరిపోతుంది. ఇవ్వు, ఇవ్వండి అనే తేడా వాళ్లకీ ఉందన్నమాట.

ఇంకో సుఖం ఏమిటంటే, 'నాకు ఇవ్వు' అనడానికి 'దువోద్ మన్' అంటారు. 'నాకు పుస్తకం ఉంది' అనడానికీ అదే 'మన్' వాడతారు. ఇంగ్లీషులో 'ఐ హ్యావ్' అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, లాత్వియన్‌లోనూ తెలుగులోనూ వస్తువు 'నాకు' ఉంటుంది, అంతే. రీగా యూనివర్సిటీల్లో చదవడానికి వెళ్లే మనవాళ్లకి ఇది ఫ్రీగా దొరికే మార్కు.

ముందు ఒక ముక్క తగిలిస్తే

అసలు ఆట ఇక్కడ మొదలవుతుంది. సంస్కృతంలో 'దానం' ముందు 'ఆ' పెడితే తీసుకోవడం, 'ప్ర' పెడితే బహూకరించడం. మన పేపర్లలో వచ్చే 'ఆదాన ప్రదానాలు' అదే. లాత్వియన్‌లో ఈ పద్ధతి రోజూ నడుస్తుంది.

'పార్' తగిలిస్తే పార్దువోత్, అమ్మడం. కార్ల మీద, కిటికీల్లో కనిపించే బోర్డు ఇదే. 'అత్' తగిలిస్తే తిరిగి ఇచ్చేయడం. 'ఇజ్' తగిలిస్తే పుస్తకం ప్రచురించడం, డబ్బు ఖర్చుపెట్టడం కూడా. 'ఉజ్' తగిలిస్తే పని అప్పజెప్పడం, ప్రశ్న వేయడం. 'పియె' తగిలిస్తే పియెదువోత్, క్షమించడం. ట్రామ్‌లో కాలు తొక్కినవాళ్లు 'పియెదువోదియెత్' అంటే, మాటని విడదీసి చూస్తే, మనల్ని ఏదో 'ఇవ్వమని' అడుగుతున్నట్టే.

నాకు బాగా నచ్చింది మాత్రం 'దువోతియెస్'. అక్షరాలా చూస్తే 'తనను తాను ఇచ్చుకోవడం'. వాడుకలో అర్థం: బయల్దేరడం. 'దువోదమియెస్!' అంటే 'పదండి, వెళ్దాం'. ప్రయాణమంటే దారికి మనల్ని మనం ఇచ్చుకోవడమని ఒక భాష అనుకుందంటే వింతగా అనిపిస్తుంది. కానీ మన పెద్దవాళ్లు గుమ్మం దిగుతూ ఏమనేవారు? 'సెలవివ్వండి' అని. బయల్దేరడంలో మనకీ ఒక ఇవ్వడం ఉంది.

'మాట ఇవ్వడం' అయితే రెండు భాషల్లోనూ మక్కీకి మక్కీ ఒకటే.

అప్పగింత, ద్రోహం

ఇక 'నువో' తగిలితే నువోదువోత్. అప్పగించడం. పన్నుకి 'నువోదువోక్లిస్' అనే పేరు దీన్నుంచే వచ్చింది. కానీ దీనికి ఇంకో అర్థం ఉంది: ద్రోహం చేయడం. కొత్త అనిపించక్కర్లేదు. 'పోలీసులకి పట్టిచ్చాడు' అంటాం మనం, అందులోనూ 'ఇచ్చు' ఉంది. ఎవరి చేతికి ఇస్తున్నావన్న దాన్నిబట్టి అది వారసత్వమా, ద్రోహమా తేలుతుంది.

లాత్వియా చరిత్రలో ఈ రెండూ జరిగాయి. 1939 ఆగస్టు 23న నాజీ జర్మనీ, సోవియట్ యూనియన్ ఒక రహస్య ఒప్పందంలో ఈ దేశాలని తమలో తాము పంచుకున్నాయి. వాళ్లని ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది సోవియట్ సైన్యం వచ్చింది. దశాబ్దాల వలసల తర్వాత, 1989 జనాభా లెక్కల నాటికి లాత్వియాలో లాత్వియన్లు సుమారు 52 శాతమే మిగిలారు. ఇంకొంచెం జారితే సొంత ఇంట్లోనే మైనారిటీ.

అదే ఏడాది ఆగస్టు 23న, ఒప్పందానికి 50 ఏళ్లు నిండిన రోజున, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా జనం రోడ్డెక్కారు. టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, 600 కిలోమీటర్లకి పైగా, సుమారు 20 లక్షల మంది చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. బాల్టిక్ మార్గం అంటారు దాన్ని. చేతులు కలపడానికి లాత్వియన్‌లో ఉన్న మాట 'సదువోతియెస్'. ముందు తగిలిన 'స' అంటే కలిసి. కలిసి ఒకరికొకరు ఇచ్చుకోవడం. మళ్లీ మన దువోతే! రెండేళ్లకి, 1991లో, దేశానికి స్వాతంత్ర్యం తిరిగొచ్చింది.

ఈ రోజు లాత్వియన్ మాతృభాషగా ఉన్నవాళ్లు 15 లక్షల లెక్కలో ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో మన తెలుగువాళ్లం 8 కోట్ల పైచిలుకు. సంఖ్య చూసి ధీమాగా ఉండొచ్చు అనిపిస్తుంది. కానీ భాష బతికేది లెక్కల్లో కాదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందడంలో. ఆ సంగతి వాళ్లకి మనకంటే ముందు తెలిసింది.

2014 జనవరి 18న రీగాలో గడ్డకట్టే చలి. దౌగవ నది అవతల కొత్త జాతీయ గ్రంథాలయం సిద్ధమైంది. పాత లైబ్రరీ నుంచి అక్కడికి సుమారు రెండు కిలోమీటర్లు. దాదాపు 14 వేల మంది వంతెన మీదుగా వరుసగా నిలబడి, పుస్తకాలని ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించారు. లారీలు లేక కాదు.

ఆ భవనాన్ని 'వెలుగుల కోట' అంటారు. రీగా వెళ్తే తప్పక చూడండి. లోపల అనేక అంతస్తుల ఎత్తున ఒక పుస్తకాల గోడ ఉంటుంది, జనం ఇచ్చిన పుస్తకాలతో నిండుతున్న గోడ. అక్కడ ఇవ్వడానికి ఒక నియమం ఉంది. ఆ పుస్తకం మీకెందుకు ముఖ్యమో లోపలి పేజీలో మీ చేత్తో రాసి మరీ ఇవ్వాలి.