మూత పెట్టి తీసిన ఫొటోలు

చేను కాపలాకు పోయినవాడు పందుల కోసం చూడాలి గాని చుక్కల కోసం కాదని మా నాయిన అభిప్రాయం. మొన్న జనవరి సెలవుల్లో ఆ అభిప్రాయాన్ని నేను పూర్తిగా ఉల్లంఘించాను. ఫిజిక్స్ సారు దగ్గర అడిగి తెచ్చుకొన్న కెమెరాను మక్కచేను మంచె పక్కన స్టాండుకు బిగించి, చంద్రుడు లేని రాత్రి గొరుకొయ్యలకేసి గురిపెట్టాను.

పుస్తకాల్లో ఒరయన్ నడుము పట్టీ అని చదువుకొనే మూడు చుక్కలను మా తాత గొరుకొయ్యలనేవాడు. విత్తనం వేసే గొర్రుకున్నట్టే అవి మూడూ వరుసగా ఉంటాయి. వాటికి కాస్త కిందుగా, కన్ను చికిలిస్తే మసకగా కనిపించేదే ఒరయన్ నెబ్యులా. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం అది. దాని ఫొటో మా విభాగం ప్రదర్శనలో పెట్టాలని నా కోరిక.

స్టాండు కదలదు, భూమి ఆగదు. ఎక్కువసేపు షట్టరు తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. అందుకని 50 మిల్లీమీటర్ల లెన్సుతో నాలుగేసి సెకన్ల చొప్పున 200 ఫొటోలు తీశాను. కలిపితే 800 సెకన్ల వెలుగు.

హాస్టలుకు వచ్చి సిరిల్ అనే సాఫ్ట్‌వేరు దింపుకొన్నాను. ఇలాంటి ఫొటోలను శుద్ధి చేయడానికే తయారైనది, పైగా ఉచితం. ఉచితం కదా, సులువనుకొన్నాను! డార్కులు, ఫ్లాట్లు కావాలట. డార్కు అంటే లెన్సుకు మూత పెట్టి, అంతే సమయంతో, అదే వేడిమిలో తీసిన చీకటి ఫొటో. కెమెరా తనంతట తాను పుట్టించే చుక్కలు అందులో పడతాయి. వాటిని అసలు ఫొటోలోంచి తీసివేయాలి. నేను పట్టపగలు హాస్టలు గదిలో మూత పెట్టి తీశాను. చేలో చలి వేరు, గదిలో ఉక్క వేరు. లెక్క కుదరలేదు. ఫొటో నిండా ఎర్రటి నలకలు మిగిలాయి.

మళ్ళీ ఊరికి పోయాను. ఈసారి ఫొటోలు తీశాక అక్కడే, ఆ చలిలోనే మూత పెట్టి తీస్తూ కూర్చొన్నాను. నాయిన టార్చిలైటు పట్టుకొని వచ్చి చూశాడు.

"మూత తియ్యి బిడ్డా, మరిచిపోయినట్టున్నవు" అన్నాడు.

సంగతి చెప్పాను. కొంచెంసేపు ఆలోచించి, "అట్లనా! మక్కలు తూకమేసినంక గోనెసంచి బరువు తీసేస్తరు గద. ఇది ఖాళీ సంచి తూకమన్నట్టు" అన్నాడు. పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా నాకు అంత తేటగా తెలియలేదు. తెల్లవారాక ఆయన తెల్ల పంచెనే లెన్సు మీద బిగించి ఫ్లాట్లు తీశాను. లెన్సు అంచుల మసక, లోపలి దుమ్ము మరకలు వాటితో సరిచేయవచ్చు.

సాఫ్ట్‌వేరు ఆ 200 ఫొటోలనూ చుక్క మీద చుక్క పడేలా జరిపి సగటు కట్టింది. నలత వర్గమూలం లెక్కన తగ్గుతుంది కాబట్టి, 200 కలిపితే దాదాపు పద్నాలుగో వంతుకు దిగాలి. ఆశగా తెరిచాను. తెర అంతా నలుపే! గుండె జారిపోయింది. తర్వాత తెలిసింది: వెలుగంతా హిస్టోగ్రాములో ఎడమ అంచున ముద్దగా ఉంటుందనీ, దాన్ని మెల్లగా సాగదీయాలనీ. సాగదీశాను. నల్లటి తెర మీద లేత గులాబిరంగు మేఘం విచ్చుకొంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇంకా స్పష్టత కావాలని పదునుపెట్టే మీటను పదే పదే నొక్కాను. మేఘంలో సన్నని దారపు పోగులు తేలాయి. హాస్టలు మిత్రులు హబుల్ ఫొటో అన్నారు. నేనూ ఉబ్బిపోయాను. ఇంటికి పోయి నాయినకు చూపించాను. చాలాసేపు చూసి ఒకటే అడిగాడు.

"ఇదంత ఆడ ఉన్నదేనా, నువ్వు పెట్టినవా?"

జవాబు చెప్పలేకపోయాను. తిరిగి వచ్చి 200 ఫొటోలను వందేసి చొప్పున రెండు భాగాలు చేసి, వేరువేరుగా కట్టి, అంతే పదును పెట్టాను. మేఘం రెండింటిలోనూ ఒకేలా ఉంది. పోగులు మాత్రం ఒకదానిలో ఒకచోట, రెండోదానిలో ఇంకోచోట! ఆకాశంలో ఉన్నదైతే రెండింటిలోనూ ఒకేచోట ఉండాలి కదా. అవి నలతలోంచి నేను వడికిన పోగులు.

ప్రదర్శనలో పదును పెట్టని ఫొటోనే పెట్టాను. పక్కన మూత పెట్టి తీసిన నల్ల ఫొటో ఒకటి తగిలించి, కింద "తరుగు తీసిన తర్వాత" అని వ్రాశాను. బహుమతి రాలేదు. చాలామంది ఆ నల్ల ఫొటో ఎందుకని అడిగారు. అడిగిన ప్రతివారికీ గోనెసంచి కథ చెప్పాను.